అందరూ కొంటున్నారు, అందరూ వేస్తున్నారు: పదిమంది వెంట నడిచే ముందు సొంతంగా తేల్చుకునే పద్ధతి

ప్లాటు కొనాలా, బర్లీ పొగాకు వేయాలా, పిల్లవాణ్ణి ఫలానా కాలేజీలోనే చేర్చాలా? నన్ను అడిగే విషయాలు వేరైనా, ప్రతి ప్రశ్న చివర ఒకే మాట ఉంటుంది: "అందరూ అదే చేస్తున్నారండీ." కావలి వైపు నుంచీ, పొదిలి వైపు నుంచీ ఇదే మాట మళ్ళీ మళ్ళీ వస్తోంది కాబట్టి, పద్ధతి మొత్తం ఒకచోట రాస్తున్నాను.

పదిమంది వెంట నడవడం తప్పని నేను చెప్పబోవడం లేదు. చాలాసార్లు అదే తెలివైన పని. ఎప్పుడు నడవాలో, ఎప్పుడు ఆగాలో తేల్చడానికి ఒక వరుస ఉంది. ఆ వరుసలో 4వ అంచె, 5వ అంచె మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ తారుమారు చేయకండి. కారణం అక్కడికి వచ్చాక చెబుతాను.

## 1. ఏ నిర్ణయానికి ఇంత తతంగం?

అన్నిటికీ కాదు. కొత్త ఊళ్ళో చేపల పులుసు తినాలంటే జనం ఎక్కువున్న హోటల్లోకి వెళ్ళండి. అక్కడ గిరాకీ ఎక్కువ, నిన్నటిది మిగిలే అవకాశం తక్కువ. అంతకు మించి ఆలోచించడం టైం వేస్టు.

కింది వాటిలో ఒక్కటి నిజమైనా ఈ పద్ధతి మొత్తం పాటించండి:

- పెట్టే డబ్బు మీ ఇంటి మూడు నెలల రాబడి కంటే ఎక్కువ
- అప్పు చేసి పెట్టాల్సిన డబ్బు, ఎంతైనా సరే
- ఒకసారి చేస్తే వెనక్కి రాలేనిది (ఆపరేషన్, భూమి అమ్మకం, ఉద్యోగం మానేయడం)
- మీరు నిర్ణయిస్తే మరొకరు అనుభవించేది (పిల్లల చదువు, పెద్దవాళ్ళ వైద్యం)

## 2. సిద్ధం చేసుకోవాల్సినవి

పెద్ద సరంజామా ఏమీ అక్కర్లేదు. ఒక నోట్‌బుక్. ఫోన్లో నోట్స్ వద్దు, ఎందుకంటే మధ్యలో వాట్సాప్ గ్రూపు మోగుతుంది, అందులో ఎవరో లేఅవుట్ వీడియో పెట్టి ఉంటారు.

రెండోది, గడువు. "రేపటికల్లా అడ్వాన్సు ఇవ్వకపోతే వేరేవాళ్ళు తీసుకుంటారు" అన్నది అమ్మేవాడి గడువు. మీ గడువు మీరు వేసుకోవాలి. భూమికి రెండు వారాలు, పంటకు నారు కొనే ముందు ఒక వారం సరిపోతుంది. ఆ లోపల బేరం పోతే పోనివ్వండి. ఆగలేని అమ్మకందారుడి తొందరకు అతని కారణాలు అతనికి ఉంటాయి.

మూడోది, ఈ బేరంలో పైసా లాభం లేని మనిషి ఒకరు. ఆ మనిషితో పని 7వ అంచెలో.

## 3. ముందు ఇది ఏ రకం విషయమో తేల్చండి

దాదాపు అందరూ దాటేసే అంచె ఇదే. "జనం చెప్పేది నమ్మాలా, నా బుద్ధి నమ్మాలా" అని నేరుగా అడిగితే జవాబు దొరకదు. అసలు అడగాల్సింది ఇది: ఈ విషయంలో ఇంకో వెయ్యి మంది చేరితే ఏమవుతుంది?

మొదటి రకం: జనం చేరితే బాగుపడేవి. నెల్లూరు రొట్టెల పండగే చూడండి. స్వర్ణాల చెరువు దగ్గర మీకు కావాల్సిన రొట్టె పుచ్చుకోవాలంటే, ఆ కోరిక తీరిన మనిషి ఎవరో రొట్టె పట్టుకుని వచ్చి ఉండాలి. ఒక్కడే వెళితే పండగ లేదు. మీ ఊరి మెకానిక్‌కు తెలిసిన మోటారు కొనడం, పక్కవాళ్ళంతా వేసే వరి రకమే వేసి కోత మిషన్ అందరితో పాటు పిలిపించుకోవడం కూడా ఇలాంటివే. ఇక్కడ నలుగురితో నారాయణ అనడమే లాభం.

రెండో రకం: జనం చేరితే చెడేవి. పొగాకు రైతుకు ఇది చెప్పక్కర్లేదు. ఒక ఏడాది బర్లీకి మంచి ధర పలికింది. మరుసటి ఏడాది, అంటే 2024-25 సీజన్లో, చూసినవాళ్ళంతా వేశారు. వర్జీనియా రకం పొగాకుకైతే పొగాకు బోర్డు పంట పరిమాణం నిర్ణయిస్తుంది, వేలం కేంద్రాలు ఉన్నాయి. బర్లీకి ఆ వేలం లేదు. 2025లో సరుకు ఇళ్ళలో పేరుకుపోయి, కంపెనీలు ముందుకు రాక, చివరికి ప్రభుత్వం సహకార మార్కెటింగ్ సంస్థ మార్క్‌ఫెడ్ చేత కొనిపించాల్సి వచ్చింది. వేసిన రైతుల్లో ఎవరికీ బుద్ధి తక్కువ కాలేదు. పోయినేడు ధర చూసి వేయడం విడివిడిగా చూస్తే సరైన ఆలోచనే. అదే ఆలోచన అందరికీ ఒకేసారి రావడంతో చెడింది.

2014లో దొనకొండ కూడా ఇంతే. కొత్త రాజధాని అక్కడే వస్తుందని మాట పుట్టింది. ప్రభుత్వ భూమి ఉంది, బ్రిటిష్ కాలం నాటి విమానాల రన్‌వే ఉంది, కాబట్టి నమ్మేట్టుగానే ఉంది. ఎక్కడెక్కడి నుంచో కార్లు దిగాయి, ఎకరం ధర ఎగిరింది. సెప్టెంబరులో అసెంబ్లీలో రాజధాని విజయవాడ పరిసరాల్లో అని ప్రకటన వచ్చింది. ఆఖర్న కొన్నవాళ్ళు ఎవరికి అమ్మాలి?

మూడో రకం: జనం ఎంతమంది చేరినా మారనివి. 2021 మేలో కృష్ణపట్నంలో ఆనందయ్య కోవిడ్ మందు కోసం వేలమంది బారులు తీరారు. ఆసుపత్రిలో బెడ్డు దొరకని, ఆక్సిజన్ దొరకని రోజులవి. ఆ క్యూలో నిలబడ్డవాళ్ళను ఎగతాళి చేసే హక్కు ఎవరికీ లేదు. కానీ క్యూ పొడవు మందు పని చేస్తుందనడానికి రుజువు కాదు. పరిశీలన తర్వాత ప్రభుత్వం చెప్పిన మాట జాగ్రత్తగా చదవండి: హాని కనబడలేదు, కోవిడ్ తగ్గుతుందనడానికి ఆధారం లేదు. కంట్లో వేసే చుక్కలకు అప్పుడు అనుమతి ఇవ్వలేదు. "హాని లేదు" అన్న ముక్కను మాత్రం పట్టుకుని "పని చేస్తుందన్నారు" అని ప్రచారం చేసినవాళ్ళే ఎక్కువ. మందు, భూమి టైటిల్ (హక్కు), రొయ్య పిల్లల సీడ్‌లో వైరస్ ఉందా లేదా అన్నవి ఈ రకం. వీటికి ఓట్లు ఉండవు, పరీక్షలే ఉంటాయి.

ఒకే పనిలో మూడు రకాలూ కలిసి ఉండొచ్చు. వనామీ రొయ్యల చెరువే తీసుకోండి. కాలువ మీద ఉన్న రైతులంతా ఇంచుమించు ఒకే సమయానికి చెరువులు ఎండగట్టి, ఒకేసారి సీడ్ వదలడం మంచిది. రోగం చుట్టూ తిరిగే సందు తగ్గుతుంది (మొదటి రకం). అందరూ ఒకే వారం పట్టుబడి చేస్తే (రొయ్యలు పట్టేస్తే) ధర పడుతుంది (రెండో రకం). సీడ్ మంచిదా కాదా అన్నది పీసీఆర్ (వైరస్ పరీక్ష) రిపోర్టు చెప్పాలి (మూడో రకం). కాబట్టి "రొయ్యల్లో దిగాలా" అని మొత్తంగా అడగకుండా, పనిని ముక్కలు చేసి ఒక్కో ముక్క పక్కన 1, 2, 3 అని వేయండి.

## 4. ఎవర్నీ అడగక ముందే మీ అంకె రాయండి

ఇక్కడే వరుస ముఖ్యం. ముందు నలుగుర్నీ అడిగి తర్వాత ఆలోచిద్దాం అనుకుంటే, ఆ తర్వాత వచ్చేది మీ ఆలోచన అయి ఉండదు. బావమరిది "ఎకరానికి లక్ష మిగులుతుంది" అన్నాక మీ లెక్క ఎలా వేసినా లక్ష చుట్టూనే తిరుగుతుంది. తొంభై వస్తే "బావ కొంచెం పెంచి చెప్పాడు" అనుకుంటారు. అసలు నష్టం వచ్చే అవకాశం ఉందా అని తోచదు కూడా.

ఒక లెక్క పూర్తిగా చేసి చూద్దాం. నెల్లూరు దగ్గర లేఅవుట్, అంకణం లక్షా ఇరవై వేలు చెబుతున్నారు అనుకోండి. నెల్లూరు అంకణం 72 చదరపు అడుగులు, అంటే 8 గజాలు. 25 అంకణాల ప్లాటు 200 గజాలు, ధర 30 లక్షలు. ఏజెంటు మాట: "మూడేళ్ళలో డబుల్."

మీ దగ్గర 10 లక్షలు ఉన్నాయి. 20 లక్షలు రెండు రూపాయల వడ్డీకి తెస్తున్నారు.

- కొనే ధర: 30,00,000
- వడ్డీ, నెలకు 40,000 చొప్పున 36 నెలలు: 14,40,000
- మీ 10 లక్షలు బ్యాంకులో ఉంటే 7 శాతం లెక్కన వచ్చేది: 2,10,000
- రిజిస్ట్రేషన్ ఖర్చు, కొన్న ధర మీదే 7.5 శాతం వేస్తే: 2,25,000
- మొత్తం: 48,75,000

అంటే మూడేళ్ళ తర్వాత అంకణం 1,95,000కు అమ్ముడుపోతే మీకు పైసా లాభం లేదు, పైసా నష్టం లేదు. నిజంగానే డబుల్ అయినా చేతికి మిగిలేది 11 లక్షల పాతిక వేలు, అందులోంచే కమీషన్, పన్ను. 30 శాతం పెరిగితే, అది కూడా చిన్న పెరుగుదలేం కాదు, 39 లక్షలు వస్తాయి. నష్టం 9 లక్షల 75 వేలు.

"ధర పెరిగింది కదా, నష్టం ఎలా వస్తుంది" అని చాలామంది ఆశ్చర్యపోతారు. వడ్డీ కాగితం మీదికి రాలేదు కాబట్టి వచ్చే ఆశ్చర్యమది. అప్పు లేకుండా కొంటే ఇదే ప్లాటు లెక్క పూర్తిగా మారిపోతుంది. మీ బావమరిది సొంత డబ్బుతో కొని ఉండొచ్చు. ఆయనకు సరైన నిర్ణయం మీకు సరికాకపోవడానికి ఈ ఒక్క తేడా చాలు.

ఈ అంచెలో రాయాల్సినవి మూడే: ఎంత పెడుతున్నాను, ఎంత వస్తే చాలు, ఎంత పోతే తట్టుకోగలను. కింద తేదీ వేయండి. కొట్టివేతలు లేకుండా అలాగే ఉంచండి.

## 5. మనుషుల్ని కాదు, మూలాల్ని లెక్కపెట్టండి

ఇప్పుడు బయటికి వెళ్ళి అడగండి. అడిగేటప్పుడు ప్రతి పేరు పక్కనా, ఆ సమాచారం ఆయనకు ఎక్కడి నుంచి వచ్చిందో రాయండి. అడగాల్సిన మాటలు ఇవే:

- "ఈ మాట నీకెవరు చెప్పారన్నా?"
- "నువ్వు కళ్ళతో చూసింది ఏంది, విన్నది ఏంది?"
- "అది ఎప్పటి సంగతి?"

ఆరుగురిని అడిగితే సాధారణంగా బయటపడేది ఇలా ఉంటుంది. పక్కచేను ఆయనకు ఎరువుల కొట్టాయన చెప్పాడు. ఎరువుల కొట్టాయనకు బయ్యరు చెప్పాడు. మీ తోడల్లుడు పక్కచేను ఆయన్ని చూసి వేస్తున్నాడు. పాలకేంద్రం దగ్గర మాట్లాడిన ఇద్దరూ తోడల్లుడిని చూశారు. ఆరో మనిషి ఒక్కడే సొంతంగా లెక్క వేశాడు, ఆయన వేయడం లేదు. నోట్‌బుక్‌లో ఐదు పేర్లకూ ఒకే మూలం. ఐదు ఓట్లు కాదు, ఒకటి. ఆ ఒకటి కూడా సరుకు కొనే బయ్యరుది. పంట ఎక్కువ పండితే లాభపడేది ఆయనే.

ఇది ఎలా జరుగుతుందో చూడండి. మొదటి ఇద్దరు సొంతంగా ఆలోచించి దిగుతారు. మూడోవాడికి అనుమానం ఉన్నా, "ఇద్దరికి తెలిసే ఉంటుంది" అని తన అనుమానం లోపల పెట్టుకుని దిగుతాడు. నాలుగోవాడికి ముగ్గురు కనిపిస్తారు. అక్కడి నుంచి ఎంతమంది చేరినా కొత్త సమాచారం ఒక్క గింజ కూడా చేరదు. ఆర్థికశాస్త్రంలో 1992 నుంచి దీని మీద చాలా పని జరిగింది. మొదటి ఇద్దరు పొరపాటు పడి ఉంటే ఊరంతా పొరపాటు పడుతుందన్నది అందులో తేలిన విషయం.

జనం విడివిడిగా ఆలోచిస్తే సంగతి వేరు. 1906లో ఇంగ్లండులోని ప్లిమత్ పశువుల ప్రదర్శనలో ఒక ఎద్దు మాంసం ఎంత తూగుతుందో చెప్పమని పోటీ పెట్టారు (మన ఒంగోలు గిత్త కాదు లెండి). ఎవరి చీటీ వాళ్ళు రాసి వేశారు. ఫ్రాన్సిస్ గాల్టన్ ఆ చీటీల్లో సరిగ్గా ఉన్న 787 తీసుకుని వరుసగా పేరిస్తే, నడిమి అంకె 1207 పౌన్లు. అసలు బరువు 1198. కసాయివాళ్ళు, రైతులు, ఏమీ తెలియనివాళ్ళు అందరూ కలిసి ఒక శాతం కూడా తప్పలేదు. చీటీలు రాయకుండా ఒకరి తర్వాత ఒకరు గట్టిగా చెప్పి ఉంటే ఇలా వచ్చేది కాదు.

మనుషులతో సంబంధం లేని మూలాలు కూడా వెతకండి. నా లెక్కలో ఇలాంటిది ఒక్కటి దొరికితే పది మాటల పెట్టు.

భూమికి: 1983 నుంచి ఈసీ (ఆ భూమి అమ్మకాలు, తనఖాల చిట్టా), ప్రభుత్వ సైటు మీభూమిలో అడంగల్, 1బీ (సాగు, హక్కు రికార్డులు), లింకు డాక్యుమెంట్లు (పాత అమ్మకం కాగితాలు), 22ఏ నిషేధిత జాబితా (రిజిస్ట్రేషన్ జరగని భూములు), లేఅవుట్ అయితే రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు, అనుమతి నంబరు. మన నెల్లూరు, ప్రకాశం వైపు చుక్కల భూముల గొడవ ఉంది కాబట్టి పాత రికార్డులో యజమాని గడిలో పేరు ఉందో, చుక్కలు ఉన్నాయో చూడకుండా అడ్వాన్సు ఇవ్వకండి.

పంటకు: నారుమళ్ళు ఎన్ని వేశారు, నారు ధర పోయినేటికీ ఇప్పటికీ ఎంత పెరిగింది, కౌలు ఎంత పెరిగింది. ఇవి మాటల కంటే ముందే నిజం చెబుతాయి. కౌలు ఒక్కసారిగా ఎగిరిందంటే జనం ఇప్పటికే దిగిపోయారు. రెండో రకం విషయంలో అది మీకు ఎర్రజెండా.

కాలేజీకి: ట్రంకు రోడ్డు మీద ఫ్లెక్సీలో పది ర్యాంకర్ల ఫొటోలు ఉంటాయి. మీ పిల్లవాణ్ణి వేసే సెక్షన్‌లో పోయినేడు మొత్తం ఎంతమంది, అందరి మార్కులు ఎంత, మధ్యలో మానేసినవాళ్ళు ఎంతమంది అని అడగండి. సెక్షన్ మార్కులు చూపించరు అంటే, అది కూడా జవాబే.

## 6. మాట కాదు, చెయ్యి ఎక్కడుందో చూడండి

సలహా ఇచ్చిన ప్రతి మనిషి గురించి రెండు సంగతులు కనుక్కోండి. ఆయన తన డబ్బు పెట్టాడా, ఎప్పటి ధరకు పెట్టాడు? మీరు నష్టపోతే ఆయనకు ఏం పోతుంది?

అంకణం నలభై వేలున్నప్పుడు కొన్నవాడు "భూమి మించింది లేదబ్బాయ్" అంటే అది ఆయన అనుభవం, అబద్ధం కాదు. లక్షా ఇరవై వేలకు కొనే మీకు ఆ అనుభవం వర్తించదు. మధ్యవర్తికి ధర పెరిగినా తగ్గినా రెండు వైపులా కమీషన్ వస్తుంది. అది ఆయన వృత్తి, తప్పు పట్టాల్సిన పని లేదు. ఆయన ఉత్సాహాన్ని సమాచారంగా తీసుకోవద్దంతే.

నష్టపోయినవాళ్ళను పట్టుకోవడం కష్టం. లాభపడినవాడు టీ కొట్టు దగ్గర కూర్చుని చెబుతాడు. పోగొట్టుకున్నవాడు అటు వైపే రాడు, లేదా ఊరే మారి ఉంటాడు. కాబట్టి మీరే వెతుక్కుంటూ వెళ్ళాలి. "ఎవరైనా నష్టపోయారా" అంటే ఎవరూ చెప్పరు. "ఈ చెరువు ఇంతకు ముందు ఎవరు చేసేవాళ్ళు? ఎందుకు వదిలేశారు?" అని అడగండి, చెబుతారు.

## 7. కాదనే మనిషి ఒక్కడు

1950ల్లో సోలమన్ ఆష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త అమెరికాలో ఒక పరీక్ష పెట్టాడు. మూడు గీతల్లో ఏది ఫలానా గీతతో సమానమో చెప్పాలి. చిన్నపిల్లవాడు కూడా చెప్పగలడు. గదిలో ఒక్కడు తప్ప మిగతావాళ్ళంతా ముందే మాట్లాడుకుని తప్పు జవాబు చెప్పారు. ఆ ఒక్కడు మూడింట ఒక వంతు సార్లకు పైగా తప్పే చెప్పాడు. ప్రతి నలుగురిలో ముగ్గురు ఒక్కసారైనా లొంగారు. అదే గదిలో ఇంకొకడు నిజం చెబితే చాలు, ఆ తప్పులు నాలుగో వంతుకు పడిపోయాయి. జవాబు బయటికి చెప్పకుండా కాగితం మీద రాయమన్నా బాగా తగ్గాయి. 4వ అంచెలో నోట్‌బుక్ కోసం అంత పట్టుబట్టింది అందుకే.

బేరంతో సంబంధం లేని మీ మనిషిని ఇప్పుడు పిలవండి. రిటైరైన బ్యాంకు ఉద్యోగి, దూరపు ఊళ్ళో ఉన్న మేనత్త, ఎవరైనా పరవాలేదు. "నీ సలహా ఏంటి" అని అడగొద్దు. "నేను ఈ పని ఎందుకు చేయకూడదో చెప్పు" అని అడగండి. మీ 4వ అంచె కాగితం చేతికివ్వండి. అడ్డు చెప్పినప్పుడు సమాధానం చెప్పకుండా రాసుకోండి. ఇది మహా కష్టం, నోరు ఊరుకోదు. పెదాలు బిగించి కూర్చోండి.

## 8. చెడిపోయిందని అనుకుని వెనక్కి చదవండి

ఏడాది గడిచింది, పని పూర్తిగా చెడింది అనుకోండి. "ఎందుకు చెడింది" అని ఐదు కారణాలు రాయండి. "చెడుతుందా" అని అడిగితే మనసు "లేదులే" అంటుంది. చెడిందని అనుకుంటే కారణాలు వాటంతటవే వస్తాయి: వాన తప్పింది, ఎగుమతి ఆగింది, వాటాదారు మాట తప్పాడు.

ఎగుమతి ఆగడం ఊహ కాదని ఆక్వా రైతులకు తెలుసు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు, చెరువులో ఏ తప్పూ జరగకుండానే లెక్క మారిపోయింది.

ప్రతి కారణం పక్కనా ఒక గీత గీయండి: ఇంత నష్టం దాకా ఉంటాను, దాటితే బయటికి వస్తాను. దిగక ముందు గీసిన గీతకే విలువ. దిగాక గీసేది వెనక్కి జరుగుతూ పోతుంది.

## 9. గంటలో తేల్చాల్సి వస్తే

అన్నిటికీ రెండు వారాలు దొరకవు. రాత్రి పదింటికి పక్క చెరువు దగ్గర లైట్లు, వ్యాన్లు, ఐసు. పక్కాయన 80 కౌంట్ (కిలోకు 80 రొయ్యలు) మీదే పట్టేస్తున్నాడు. ఫోన్ల మీద ఫోన్లు: "నువ్వు కూడా పట్టేయ్." టెన్షన్ పడని రైతు ఉండడు.

ఇక్కడ జనాన్ని లెక్కచేయకపోవడం ధైర్యం కాదు. ఆయన ఎందుకు పడుతున్నాడన్నదే అసలు సమాచారం. గట్టు మీదికి వెళ్ళి అడగండి: రోగమా, ధర భయమా, అప్పు గడువా? అప్పు గడువైతే మీకు సంబంధం లేదు. ధర భయమైతే రెండు మూడు చోట్లకు ఫోన్ చేసి మీ కౌంట్‌కు రేటు తెలుసుకోండి. రోగమైతే మూడో రకం విషయం, మీ చెరువు దగ్గరికి నడవండి:

- చెక్ ట్రేలో (మేత తింటున్నాయో చూసే పళ్ళెంలో) మేత మిగిలిందా, నిన్నటి కంటే ఎక్కువ మిగిలిందా
- రొయ్యలు గట్ల దగ్గరకు, పైకి వచ్చి తిరుగుతున్నాయా
- నాలుగైదు తీసి చూస్తే పెంకు మీద తెల్లమచ్చలు, ఒళ్ళు ఎర్రబడటం ఉందా
- ఆ కాలువ నుంచి మీ చెరువులోకి నీళ్ళు వస్తున్నాయా? వస్తుంటే ముందు అది ఆపండి
- పీతలు దాటకుండా గట్టు చుట్టూ వల బాగుందా

లక్షణాలు కనబడితే పక్కాయన మాట కోసం చూడకండి, పట్టుబడి సంగతి వెంటనే టెక్నీషియన్‌తో తేల్చుకోండి. ఏమీ లేకపోతే తెల్లారి శాంపిల్ ల్యాబుకు పంపి, రిపోర్టు దాకా ఆగవచ్చు. వ్యాన్ల లైట్లు చూసి మాత్రం నిర్ణయించకండి.

## 10. ఇంట్లో పదిమందీ కూర్చుని తేల్చేటప్పుడు

పెద్దాయన చివర మాట్లాడాలి. ఆయన మొదట "నాకు నచ్చింది" అంటే ఆ తర్వాత కోడలు గానీ, చిన్నకొడుకు గానీ నోరు తెరవరు. ముందు ప్రతి ఒక్కరి చేతా చీటీ మీద రాయించండి, తర్వాత చదవండి. డ్వాక్రా సంఘంలోనూ, నీటి సంఘంలోనూ ఇదే పనికొస్తుంది.

## 11. కాదనుకుంటే ఎలా చెప్పాలి

చాలామందికి లెక్క తేలిపోతుంది, చెప్పడం దగ్గర ఆగిపోతారు. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటారేమోనని భయం. వాదనకు దిగితే మీరు ఓడిపోతారు, ఎందుకంటే అవతల పదిమంది ఉన్నారు. అవతలివాళ్ళ నిర్ణయాన్ని తప్పు పట్టకుండా మీ అంకె చెప్పి ఊరుకోండి:

"బావా, నువ్వు తీసుకోవడం మంచిదే, నీది సొంత డబ్బు. నాది రెండు రూపాయల వడ్డీ. అంకణం లక్షా తొంభై ఐదు వేలు దాటితే గానీ నాకు గిట్టదు. అందుకే ఈసారికి ఆగుతున్నా."

ఈ మాటకు ఎదురు చెప్పడం కష్టం. "నీకు తెలియదు" అనడానికి అందులో ఏమీ లేదు.

## 12. ఎక్కువగా జరిగే తప్పులు, సరిచేసే దారి

పంతానికి ఎదురెళ్ళడం. జనం తూర్పు అంటే పడమర అనడం కూడా జనం చెప్పినట్టు వినడమే, తిరగేసి వినడం. సరిచేయాలంటే 4వ అంచె కాగితం తీయండి. మీ కారణాల్లో "అందరూ చేస్తున్నారు కాబట్టి" ఉందేమో చూడండి. ఆ మాట ఏ వైపు ఉన్నా కొట్టేయండి, మిగిలింది చూడండి. నా దృష్టిలో చదువుకున్నవాళ్ళలో ఈ తప్పే ఎక్కువ.

మూడో రకం విషయానికి సలహాలు పోగేయడం. టైటిల్ మంచిదేనా అని పదిమందిని అడిగి, లాయరుకు ఒక్క ఫీజు ఇవ్వడానికి వెనకాడతారు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టేయమన్నట్టు అడ్వాన్సు ఇచ్చేస్తారు. పరీక్ష ఉన్న చోట పరీక్షే చేయించండి.

ఒక్కసారి నెగ్గితే పద్ధతి మానేయడం. తప్పు లెక్కతో కూడా లాభం రావచ్చు, సరైన లెక్కతో కూడా నష్టం రావచ్చు. ఫలితాన్ని చూసి కాదు, ఆ రోజు కాగితం మీద ఏం రాశారో చూసి మిమ్మల్ని మీరు బేరీజు వేసుకోండి.

సగం మనసుతో సగం దిగడం. తేల్చుకోలేక "కొంచెం పెట్టి చూద్దాం" అంటారు. తట్టుకోగల మొత్తమైతే మంచి పనే, నేర్చుకోవడానికి పెట్టే ఖర్చు అనుకోండి. అప్పు తెచ్చి సగం దిగితే మాత్రం వడ్డీకి అది సగమని తెలియదు.

## 13. డబ్బు చెయ్యి దాటే ముందు చూసుకునే పట్టీ

- పని ముక్కలు చేసి, ఒక్కోటి ఏ రకమో (1, 2, 3) రాశాను
- ఎవర్నీ అడగక ముందే నా అంకె రాశాను, తేదీ వేశాను
- వడ్డీ, రిజిస్ట్రేషన్, కమీషన్ లెక్కలోకి వచ్చాయి
- అడిగినవాళ్ళ పేర్ల పక్కన మూలం రాశాను. వేర్వేరు మూలాలు కనీసం మూడు
- అందులో ఒకటి రికార్డు గానీ, ల్యాబు రిపోర్టు గానీ
- నష్టపోయిన మనిషితో ఒక్కరితోనైనా మాట్లాడాను
- కాదనే మనిషి చెప్పినవి రాసుకున్నాను
- ఎంత పోతే బయటికి వస్తానో గీత గీశాను
- ఇంట్లో వాళ్ళకు ఆ గీత తెలుసు

రెండో రకం విషయమైతే ఇంకో గడి కలపండి: నాలాగే ఆలోచించేవాళ్ళు ఈ మండలంలో ఇంకెంతమంది ఉన్నారో కనుక్కున్నాను.

పట్టీలో రెండు గడులు ఖాళీగా ఉన్నాయంటే అడ్వాన్సు ఇవ్వకండి, టోకెన్ కూడా వద్దు. అన్నీ నిండితే, ఊరంతా వెళ్ళే దారైనా సరే, వెళ్ళండి. కాగితం బీరువాలో డాక్యుమెంట్లతో పాటు పెట్టి, ఆరు నెలలకు ఒక తేదీ క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకోండి. ఆ రోజు నారు ధర, కౌలు, అంకణం రేటు మళ్ళీ కనుక్కుని, పాత అంకెల పక్కనే వేరే రంగు సిరాతో రాయండి.